ఇల్లు మారేవారి గృహరుణం: కల్వకుర్తి ప్రాంతం

పాత ఇంటి మీద బ్యాంకు అప్పు ఇంకా మిగిలి ఉండగా కొత్త ఇంటికి మారేవారు ఆ అప్పును మూడు విధాలుగా సర్దుకోవచ్చు. గడువుకు ముందే మొత్తం కట్టేసి తనఖా విడిపించుకోవటం ఒకటి. అప్పును అలాగే ఉంచి, పూచీగా ఉన్న పాత ఇంటికి బదులు కొత్త ఇంటిని పెట్టటం రెండోది. అప్పును వేరే బ్యాంకుకు మార్చుకోవటం మూడోది. జనం దీన్నే టేకోవర్ అంటారు. బ్రిటన్, కెనడా వంటి దేశాల్లో రెండో పద్ధతి వాడుకలో ఉంది. మన దగ్గర అది అరుదు. పాత అప్పు తీర్చి కొత్తది తీసుకోవటమే ఇక్కడి ఆనవాయితీ. ముందే తీర్చినందుకు బ్యాంకులు వసూలు చేస్తూ వచ్చిన రుసుమును రిజర్వు బ్యాంకు 2012 నుంచి దశలవారీగా తొలగించింది. కాబట్టి నాగర్‌కర్నూల్ జిల్లా కల్వకుర్తిలోనో, వనపర్తి, గద్వాల పట్టణాల్లోనో ఇల్లు అమ్మి మరోచోట కొనుక్కునే కుటుంబానికి ఇవాళ ఆ రుసుము పెద్ద భారం కాదు. పాత అప్పు తీరిన రోజుకూ ఇంటి కాగితాలు చేతికందే రోజుకూ మధ్య గడిచే కాలానికే ఎక్కువ ఖర్చవుతుంది.

ప్రాంతం, ఇళ్లు మారే తీరు

కల్వకుర్తి హైదరాబాదుకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, శ్రీశైలం వెళ్లే 765 నంబరు జాతీయ రహదారి మీద ఉంది. జడ్చర్ల నుంచి కోదాడ వెళ్లే 167 నంబరు రహదారి కూడా ఈ ఊరి మీదుగానే పోతుంది. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. అదే పేరుగల శాసనసభ నియోజకవర్గంలోని ఆమనగల్లు, తలకొండపల్లి, మాడుగుల వైపు మండలాలు మాత్రం రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. ఒకే రోడ్డు మీద, కాస్త దూరంలోనే జిల్లా మారిపోతుంది. దానితోపాటు ఇంటి కాగితాలు నమోదయ్యే కార్యాలయమూ మారుతుంది.

ఇక్కడ ఇల్లు మారటానికి కారణం చాలాసార్లు ఉద్యోగమే. పిల్లల చదువు కోసం హైదరాబాదుకు పోయేవారు, పల్లె నుంచి కల్వకుర్తికి వచ్చేవారు ఎప్పుడూ ఉన్నారు. 2021 డిసెంబరు 6 నాటి 317 నంబరు జీవోతో ప్రభుత్వోద్యోగులను, ఉపాధ్యాయులను కొత్త జిల్లాలకు కేటాయించినప్పుడు ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఒక్కసారిగా వచ్చింది. జోగులాంబ జోన్‌లోని మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఒకచోట అప్పుచేసి ఇల్లు కట్టుకున్నవారికి మరోచోట కొలువు ఖాయమైంది.

ఇలాంటివారు ముందుగా తేల్చుకోవలసింది ఇల్లు అమ్ముతారా, ఉంచుకుంటారా అన్నది. ఉంచుకుంటే అప్పును కదిలించే పనే లేదు. ఇంటిని అద్దెకిచ్చినా కిస్తు అదే ఖాతా నుంచి పోతుంది. కావాలంటే అప్పు ఖాతాను అదే బ్యాంకులో దగ్గరి శాఖకు మార్చమని అడగవచ్చు. తనఖా మారదు, కొత్త రిజిస్ట్రేషను అక్కరలేదు. ఊరు మారామన్న కంగారులో అప్పునే మార్చుకుని ప్రాసెసింగ్ ఫీజు, స్టాంపు ఖర్చు నెత్తిన వేసుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

తనఖా, విడుదల హక్కు

భారతదేశంలో స్థిరాస్తి తనఖాకు ఆధారం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాని 58వ సెక్షన్ ఆరు రకాల తనఖాలను చెబుతుంది. భూమిని అప్పిచ్చినవాడి స్వాధీనంలో పెట్టి, దాని ఫలసాయాన్ని అతనికి వదిలే భోగబంధకం అందులో ఒకటి. పల్లెల్లో పొలాన్ని కుదువ పెట్టటమంటే చాలాకాలం ఇదే. బ్యాంకు గృహరుణాల్లో జరిగేది వేరు. ఇంటి దస్తావేజులను అప్పుకు పూచీగా బ్యాంకు దగ్గర ఉంచే తనఖా అది. ఇల్లు రుణగ్రహీత స్వాధీనంలోనే ఉంటుంది. తెలంగాణలో ఈ దస్తావేజుల డిపాజిట్‌ను సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించటం వాడుక. అలా చేసినప్పుడు ఆ భారం ఈసీలో, అంటే ఆస్తి మీది భారాలను చూపే ధ్రువపత్రంలో కనిపిస్తుంది. దీనికి తోడు బ్యాంకులు తమ తనఖాను 2011లో మొదలైన కేంద్ర రిజిస్ట్రీ సెర్‌సాయ్‌లో కూడా నమోదు చేస్తాయి.

అదే చట్టంలోని 60వ సెక్షన్ అప్పు తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కునిస్తుంది. ఏ ఒప్పందమూ ఆ హక్కును శాశ్వతంగా కొట్టేయలేదు. అయితే సెక్షన్ మాటల ప్రకారం ఆ హక్కు అసలు చెల్లించాల్సిన గడువు వచ్చాకే పుడుతుంది. గడువుకు ముందే తీరుస్తానంటే ఒప్పుకోవాలా, ఏమన్నా తీసుకుని ఒప్పుకోవాలా అన్నది ఒప్పందానికి వదిలేసిన విషయం. ముందస్తు చెల్లింపు రుసుము ఈ ఖాళీలోనే పుట్టింది.

రుసుము ఎలా పోయింది

2000 తరవాతి దశాబ్దంలో గృహరుణాలు విస్తరించినకొద్దీ, మిగిలిన అసలు మీద 2 శాతం వరకూ రుసుము తీసుకోవటం మామూలైపోయింది. దీర్ఘకాలానికి డబ్బు సమకూర్చుకున్నామని, అది మధ్యలో తిరిగొస్తే నష్టమని బ్యాంకులు వాదించాయి. వడ్డీ రేటు స్థిరంగా ఉన్న అప్పుకు ఆ వాదనలో కొంత బలముంది. రేటు మారుతూ ఉండే చలన వడ్డీ అప్పులో అది పెరిగినప్పుడల్లా భారాన్ని రుణగ్రహీతే మోస్తున్నాడు కదా. అటువంటివాడు వెళ్లిపోతానంటే జరిమానా వేయటానికి న్యాయమైన కారణం కనిపించదు. ఈ రుసుము పోటీని అణచివేస్తోందని నీరజ్ మల్హోత్రా అనే న్యాయవాది చేసిన ఫిర్యాదును కాంపిటీషన్ కమిషన్ 2010 డిసెంబరులో మెజారిటీ అభిప్రాయంతో తోసిపుచ్చింది. మార్పు నియంత్రణ సంస్థల వైపు నుంచి వచ్చింది. గృహరుణ సంస్థలకు నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2010, 2011లో ఆంక్షలు పెట్టింది. బ్యాంకు ఖాతాదారుల సేవలపై దామోదరన్ కమిటీ 2011లో ఇచ్చిన నివేదిక తరవాత, చలన వడ్డీ గృహరుణాలను ముందే తీర్చితే బ్యాంకులేవీ రుసుము తీసుకోరాదని రిజర్వు బ్యాంకు 2012 జూన్ 5న ఆదేశించింది. 2014లో దాన్ని వ్యక్తులు తీసుకున్న చలన వడ్డీ టర్మ్ లోన్లన్నిటికీ విస్తరించింది.

2025 జులై 2న రిజర్వు బ్యాంకు ఈ నియమాలన్నిటినీ ఒకచోట చేర్చి కొత్త ఆదేశాలిచ్చింది. 2026 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ మంజూరైన, పునరుద్ధరించిన అప్పులకు అవి వర్తిస్తాయి. వ్యాపారం కోసం కాకుండా వ్యక్తులు తీసుకున్న చలన వడ్డీ అప్పుకు ఏ సంస్థ అయినా రుసుము వేయకూడదు. డబ్బు సొంతమా, మరో బ్యాంకు నుంచి వచ్చిందా అని అడగకూడదు. ఇన్నేళ్లదాకా కట్టరాదన్న కనీస గడువూ పెట్టకూడదు.

కల్వకుర్తి వంటి ఊళ్లలో కింద మడిగెలు, పైన ఇల్లు ఉన్న కట్టడాలు ఎక్కువ కాబట్టి ఇంకో విషయం చూసుకోవాలి. అటువంటి కట్టడం మీద దుకాణం కోసం తీసుకున్నది వ్యాపార రుణం. అది పాత ఒప్పందానిదైతే రుసుము ఉండవచ్చు. కొత్త ఆదేశాల్లో వ్యక్తుల, చిన్న పరిశ్రమల వ్యాపార రుణాలకు కూడా వాణిజ్య బ్యాంకుల్లో మినహాయింపు దొరికింది. గ్రామీణ బ్యాంకుల్లో, జిల్లా సహకార కేంద్ర బ్యాంకుల్లో అది 50 లక్షల రూపాయల లోపు అప్పులకే. స్థిర వడ్డీ అప్పులకు ఒప్పందంలో రాసుకున్న రుసుము చెల్లుతుంది. అయితే మంజూరు పత్రంలో, ఒప్పందంలో, ముఖ్యాంశాల పత్రంలో ముందే చెప్పనిదాన్ని తరవాత అడగటానికి వీల్లేదు. కొన్నేళ్లు స్థిరంగా, ఆ తరవాత చలనంగా ఉండే అప్పులో, కట్టే రోజున రేటు ఏ రకంగా ఉందన్నదే లెక్క. ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే చలన దశ మొదలయ్యేదాకా ఆగటం లాభం.

పూచీ మార్పిడి ఎందుకు అరుదు

అప్పు అలాగే ఉండి ఇల్లు మాత్రం మారే పద్ధతిని కొన్ని బ్యాంకులు, గృహరుణ సంస్థలు ప్రాపర్టీ స్వాప్ పేరుతో ఒప్పుకుంటాయి. కొత్త ఇంటికి లీగల్ ఒపీనియన్, విలువ మదింపు మళ్లీ జరగాలి. ఆ విలువ మిగిలిన అప్పుకు సరిపోవాలి. పాత తనఖా విడుదల, కొత్త తనఖా నమోదు రెండూ చేయించాలి. రెంటికీ నడుమ బ్యాంకు చేతిలో పూచీ లేకుండా పోకూడదు గనక, అమ్మకపు డబ్బును ఆ కొద్దికాలం తన దగ్గరే డిపాజిట్‌గా ఉంచమని బ్యాంకు అడగవచ్చు. ఇది రుణగ్రహీత హక్కు కాదు. బ్యాంకు ఇష్టపడితేనే జరుగుతుంది.

బ్రిటన్‌లో దీనికి విలువ రావటానికి కారణం అక్కడి స్థిర వడ్డీ. రెండేళ్లకో ఐదేళ్లకో తక్కువ రేటు ఖాయం చేసుకున్నవారు మధ్యలో ఇల్లు మారితే, ఆ రేటును కొత్త ఇంటికి తీసుకుపోవటం వల్ల రుసుమూ తప్పుతుంది, రేటూ నిలుస్తుంది. మన దగ్గర 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకుల కొత్త చలన వడ్డీ గృహరుణాలు బయటి ప్రమాణానికి, ఎక్కువగా రిజర్వు బ్యాంకు నిర్ణయించే రెపో రేటుకు ముడిపడి ఉన్నాయి. రెపో రేటు 2023 ఫిబ్రవరిలో 6.50 శాతానికి చేరింది. 2025 డిసెంబరుకు 5.25కు దిగింది. పాత అప్పూ కొత్త అప్పూ రెండూ ఆ రేటు వెంటే నడుస్తాయి. పాత రేటును కాపాడుకుని కొత్త ఇంటికి మోసుకుపోవాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

టేకోవర్ లెక్క

అప్పును మరో బ్యాంకుకు మార్చటం ఇల్లు మారేవారికన్నా, మారకుండా వడ్డీ తగ్గించుకోవాలనుకునేవారికి ఎక్కువ పనికొస్తుంది. 25 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు, 9 శాతం వడ్డీ అనుకుంటే నెల కిస్తు 22,493 రూపాయలు. ఐదేళ్లలో దాదాపు 13.5 లక్షలు కడతారు. అసలులో తగ్గేది 2.82 లక్షలే; ఇంకా సుమారు 22.18 లక్షలు మిగులుతుంది. దాన్ని 8 శాతానికి మార్చుకుని, మిగిలిన 15 ఏళ్లలోనే తీర్చేలా ఉంచితే కిస్తు 21,193 అవుతుంది. నెలకు 1,300 చొప్పున గడువు మొత్తానికి 2.34 లక్షలు మిగులుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, తనఖా నమోదు ఖర్చు ఇందులోంచి తీసేయాలి.

అదే 8 శాతానికి గడువును మళ్లీ 20 ఏళ్లు చేస్తే కిస్తు 18,550 దగ్గరకు దిగుతుంది. నెలకు నాలుగు వేలు తగ్గిందని సంతోషపడేవారు మొత్తం మీద పాత అప్పుకన్నా సుమారు 4 లక్షలు ఎక్కువ కడతారు. టేకోవర్ ప్రకటనల్లో కిస్తు తగ్గుదల పెద్ద అక్షరాల్లో ఉంటుంది, గడువు పెరుగుదల ఉండదు. కాగితం మీద సంతకం పెట్టేముందు ఈ ఒక్క లెక్క వేసుకోవాలి. బ్యాంకు తన ఖర్చును బట్టి నిర్ణయించే పాత ఎంసీఎల్ఆర్ లేదా బేస్ రేటు అప్పులో ఇంకా ఉన్నవారు బ్యాంకు మారేముందు తమ బ్యాంకునే రెపో అనుసంధానానికి మార్చమని అడిగితే, తక్కువ ఖర్చుతోనే పని జరగవచ్చు.

అమ్మకం నడిచే క్రమం

ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అప్పుతో సహా అమ్ముతున్నామని రాసుకుంటే తప్ప, అమ్మేవాడు ఆస్తి మీది భారాలన్నీ తీర్చి ఇవ్వాలి. అందువల్ల మొదటి పని బ్యాంకు నుంచి రెండు కాగితాలు తీసుకోవటం. ఫలానా తేదీకి మొత్తం ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంటు ఒకటి. బ్యాంకు దగ్గర ఏయే దస్తావేజులు ఉన్నాయో చెప్పే జాబితా రెండోది. ఈ రెండూ చూపకుండా బయానా తీసుకోవటం తరవాతి తగాదాలకు దారి.

కొనేవారు కూడా బ్యాంకు అప్పు మీదే కొంటుంటే పని తేలిక. వారి బ్యాంకు మిగిలిన అప్పు మొత్తాన్ని నేరుగా అమ్మేవారి బ్యాంకుకు కడుతుంది. దస్తావేజులు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు చేరతాయి. మిగతా సొమ్ము అమ్మేవారికి వస్తుంది. రెండు బ్యాంకుల అధికారులు, ఇరుపక్షాలు ఒకే రోజున సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వచ్చేలా చూసుకోగలిగితే, మధ్యలో ఎవరి డబ్బూ గాలిలో ఉండదు.

కొనేవారు నగదుతో వస్తే చిక్కు మొదలవుతుంది. అప్పు తీరి కాగితాలు చూపిస్తేగానీ పూర్తి సొమ్ము ఇవ్వమని వారంటారు. సొమ్ము వస్తేగానీ అప్పు తీర్చలేమని వీరంటారు. ఈ సందులో చాలా కుటుంబాలు తెలిసినవారి దగ్గర చేబదులు తెచ్చి బ్యాంకుకు కడతాయి. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి మన పల్లెల్లో వింత కాదు. పై లెక్కలో మిగిలిన 22.18 లక్షలకు ఒక్క నెల మిత్తి సుమారు 44,000 రూపాయలు. ఒకప్పుడు బ్యాంకులు తీసుకున్న 2 శాతం రుసుము కూడా అంతే. చట్టం ఒక చోట మాన్పించిన ఖర్చు, కాగితాలు నెల రోజులు ఆలస్యమైతే ఇంకో చోట అదే అంకెతో తిరిగొస్తుంది. దీన్ని తప్పించటానికి కొనేవారే బయానాలో భాగంగా సొమ్మును అమ్మేవారి అప్పు ఖాతాకు నేరుగా కట్టవచ్చు. ఆ సంగతి, కాగితాలు రాకపోతే ఏం చేయాలన్నది అగ్రిమెంటులో స్పష్టంగా రాసుకోవాలి. పాత ఇల్లు అమ్ముడుపోకముందే కొత్తది కొనాల్సి వస్తే బ్యాంకుల స్వల్పకాలిక బ్రిడ్జ్ లోన్ అడగటం మేలు. దాని వడ్డీ మామూలు గృహరుణం కన్నా ఎక్కువైనా రెండు రూపాయల మిత్తికి చాలా దిగువనే ఉంటుంది.

కొత్త ఇంటి వైపు కూడా చేతి డబ్బు కావాలి. 30 లక్షల లోపు అప్పుకు ఇంటి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల లోపు అప్పుకు 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా బ్యాంకులు ఇవ్వవచ్చు. ఇంటి ధర 10 లక్షలు దాటితే స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చు ఈ లెక్కలో చేరదు. తెలంగాణలో 2021 జులై నుంచి అది మొత్తం 7.5 శాతం.

కాగితాలు తిరిగి రావటం

అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు అసలు దస్తావేజులన్నీ తిరిగివ్వాలని, రిజిస్ట్రీల్లో నమోదైన భారాన్ని తొలగించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. తప్పు బ్యాంకుదైతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు చెల్లించాలి. దస్తావేజులు పోయినా, పాడైనా నకళ్లు తెప్పించే ఖర్చు బ్యాంకే భరించాలి. ఆ పనికి మరో 30 రోజులు అదనంగా ఉంటాయి. అప్పు నడిచిన శాఖలోనే కాక, దస్తావేజులు ఉన్న కార్యాలయంలోనూ తీసుకునే వీలు రుణగ్రహీతకు ఇచ్చారు. గృహరుణ కాగితాలను శాఖలో కాకుండా దూరపు కేంద్రాల్లో భద్రపరిచే బ్యాంకులున్నాయి కాబట్టి, ఎక్కడ తీసుకుంటారో ముందుగానే రాసివ్వటం మంచిది.

దస్తావేజుల కట్ట చేతికి రాగానే పని అయిపోయిందనుకోవటం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. తనఖా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర నమోదై ఉంటే విడుదల కూడా అక్కడే నమోదు కావాలి. లేకుంటే ఏళ్ల తరవాత ఈసీ తీసినప్పుడు తీరిపోయిన అప్పు ఇంకా ఉన్నట్టే కనిపిస్తుంది. బ్యాంకుల విలీనాలు దీన్ని మరింత చిక్కు చేశాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. పాత తనఖా పత్రంలో కనిపించే పేరుతో ఇప్పుడు బ్యాంకే లేదు. విడుదల పత్రాన్ని వారసత్వంగా వచ్చిన బ్యాంకు ఇవ్వాలి, అందులో పాత పేరు, పాత పత్రం నంబరు రెండూ ఉండేలా చూసుకోవాలి.

పల్లె ఇళ్లకు ఈ చర్చంతా ఇంకా అందలేదు. ఊరి నివాస స్థలమైన ఆబాదీలో తాతల నాటి ఇంటికి రిజిస్టరైన దస్తావేజు ఉండదు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాతో కొన్న జాగాకూ ఉండదు. దస్తావేజు లేనిచోట బ్యాంకు గృహరుణం దొరకటం కష్టం. వ్యవసాయ భూమిలో కట్టిన ఇంటికి నాలా మార్పిడి, అంటే ఆ భూమిని వ్యవసాయేతరంగా మార్చటం కావాలి. అందువల్ల పల్లె నుంచి కల్వకుర్తికి మారే కుటుంబం చాలాసార్లు బంగారం కుదువ పెట్టి, చిట్టీ ఎత్తి ఇల్లు కొంటుంది. రిజర్వు బ్యాంకు ఇచ్చిన రక్షణలన్నీ కాగితం ఉన్నవారికే దక్కుతున్నాయి. ఇది సరిదిద్దవలసిన అన్యాయం.

ఇతర దేశాల్లో

బ్రిటన్‌లో పోర్టింగ్ అనే ఈ పూచీ మార్పిడిలో నిజానికి పాత అప్పు తీరిపోతుంది. దాని రేటు, షరతులే కొత్త అప్పుకు వస్తాయి. రుణగ్రహీత ఆదాయాన్ని మళ్లీ పరిశీలిస్తారు. అదనంగా కావలసిన సొమ్ముకు ఆనాటి రేటు పడుతుంది. అమ్మకానికీ కొనుగోలుకూ మధ్య ఎడముంటే ముందు రుసుము కట్టించుకుని, సంస్థ పెట్టిన గడువులో కొత్త ఇల్లు కొంటే తిరిగిస్తారు. కెనడాలో ఐదేళ్లకు మించిన గడువుతో వ్యక్తులు తీసుకున్న అప్పును ఐదేళ్ల తరవాత తీర్చితే మూడు నెలల వడ్డీకి మించి అడగకూడదని వడ్డీ చట్టం పదో సెక్షన్ చెబుతుంది. అమెరికాలో ఇల్లు అమ్మగానే అప్పు మొత్తం కట్టాలనే షరతును 1982 నాటి గార్న్–సెయింట్ జెర్మేన్ చట్టం దేశమంతటా చెల్లుబాటయ్యేలా చేసింది. ఎఫ్‌హెచ్‌ఏ, వీఏ వంటి ప్రభుత్వ హామీ ఉన్న అప్పులను మాత్రం అర్హత ఉన్న కొనుగోలుదారు తన పేరు మీదికి మార్చుకోవచ్చు. అక్కడ 30 ఏళ్ల స్థిర వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి పడిపోయి, 2023 అక్టోబరులో 8 శాతం దగ్గరికి వెళ్లింది. తక్కువ రేటులో ఇల్లు కొన్న అక్కడి తెలుగువారు ఉద్యోగం మారినా ఇల్లు అమ్మడానికి వెనకాడటానికి ఈ తేడాయే కారణం.

పన్ను, ఫిర్యాదు

ఇల్లు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక లాభాన్ని అమ్మకానికి ఏడాది ముందు గానీ, తరవాత రెండేళ్లలోపు గానీ మరో ఇల్లు కొనటానికి, లేదా మూడేళ్లలోపు కట్టుకోవటానికి వాడితే, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 54వ సెక్షన్‌గా అందరికీ అలవాటైన మినహాయింపు దొరుకుతుంది. పాత అప్పు తీర్చటానికి వాడిన సొమ్ము ఇందులోకి రాదు. పాత పన్ను విధానంలో 80సి కింద అసలు చెల్లింపుకు తగ్గింపు పొందినవారు, ఇల్లు స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోపు అమ్మితే, ఆ తగ్గింపులన్నీ అమ్మిన ఏడాది ఆదాయంలో తిరిగి కలుస్తాయి. ముందస్తు రుసుము అన్న పేరు దీనికి లేకపోయినా, తొందరపడి అమ్మేవారికి ఇది రుసుమే.

రుసుము తప్పుగా వేసినా, కాగితాలు ఆలస్యమైనా ముందు ఆ బ్యాంకుకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా, 2021 నవంబరు 12న మొదలైన సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద రిజర్వు బ్యాంకుకు వెళ్లవచ్చు. దీనికి ఖర్చు లేదు, వకీలూ అక్కరలేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఫిర్యాదు ఎలా చేయాలో చెబుతారు. అప్పిచ్చింది బ్యాంకు కాక గృహరుణ సంస్థ అయితే ఫిర్యాదు నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు పోవాలి. రెండు చోట్లా అడిగే రుజువులు అవే: అప్పు తీరిన తేదీతో నో డ్యూ సర్టిఫికెట్, దస్తావేజుల జాబితా, బ్యాంకుకు రాసిన ఉత్తరం అందినట్టు ముద్ర వేసిన నకలు.